ల్యాప్‌టాప్ మాటిమాటికీ ఆగుతోందా? పారవేయకండి!

పిల్లల చదువుకని అప్పో సప్పో చేసి కొన్న ల్యాప్‌టాప్ పని మధ్యలో నీలి తెర చూపి ఆగిపోతుంటే ఇంటిల్లిపాదికీ దిగులే. అయితే ప్రతిసారీ యంత్రం పాడైనట్లు కాదు.

అది ఎప్పుడు ఆగుతున్నదో ముందుగా గమనించాలి. కొంతసేపు పనిచేసి, బాగా వేడెక్కి ఆగితే ఫ్యానులో దుమ్ము చేరి ఉండవచ్చు. గాలి ఆడకపోతే కాలిపోకుండా యంత్రం తనంతట తానే ఆగుతుంది. పరుపు మీద పెట్టి వాడినా ఇదే తంతు. దుమ్ము తీయించి, బల్లమీద ఉంచి వాడాలి.

చల్లగా ఉన్నా ఆగుతుంటే ర్యామ్‌ను అనుమానించాలి. దానిని పరీక్షించే ‘మెమొరీ డయాగ్నస్టిక్’ విండోస్‌లోనే ఉన్నది. పైసా ఖర్చు లేదు.

కొత్త ప్రోగ్రాము వేసిన తరువాతే మొదలైతే దానిని తీసివేసి చూడాలి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు ఇలాగే మొరాయించాయి.

నీలి తెరపై కనిపించే కోడ్‌ను కాగితంపై రాసుకుని మెకానిక్‌కు చూపితే సగం పని తేలిక. బ్యాటరీ ఉబ్బితే మాత్రం వెంటనే వాడకం ఆపాలి.

‘ఫార్మాట్’ చేయించే ముందు ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలి. యంత్రం బాగుపడవచ్చు గాని, చెరిగిన ఫైళ్లు తిరిగి దక్కుతాయన్న నమ్మకం లేదు.