ఉప్పునీటి ట్యాంక్: మొదటి చేప ఎప్పుడు వేయాలి?

ట్యాంక్ కొన్న రోజే నెమో చేపను తెచ్చి వేసేద్దాం అనిపిస్తుంది కదా? ఆగండి! చేప వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియా చేపకే విషం. దాన్ని నైట్రైట్‌గా, తర్వాత అంత ప్రమాదం లేని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా కొత్త ట్యాంక్‌లో సరిపడా ఉండదు. అది రాళ్ల మీద పెరగడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది.

అందుకే ముందు ఆర్‌వో నీళ్లలో లీటరుకి సుమారు 35 గ్రాముల మెరైన్ సాల్ట్ కలపండి. వంటుప్పు అస్సలు వద్దు. రాళ్లు పెట్టి, కొద్దిగా అమ్మోనియా వేసి, టెస్ట్ కిట్‌తో చూస్తూ ఉండండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ పెరిగి, మళ్లీ జీరోకి వచ్చాకే చేప. అదీ ఒక్కటే!

ఇంకో మాట, గట్టి పగడాలకు మన దేశంలో వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. ఎవరైనా అమ్ముతామన్నా కొనకండి.