జడవాయువును లొంగదీసిన ఎర్రని ఫ్లోరైడు

ప్లాటినమ్ నిదానమైన లోహం. గాలిలో తుప్పు పట్టదు. మామూలు ఆమ్లాలకు లొంగదు. అందుచేతనే ప్రయోగశాలలలో మూసలకు, తీగలకు దానిని వాడుతారు. కాని అదే లోహం ఫ్లోరిన్‌తో కలిసినప్పుడు అతి తీవ్రమైన ఆక్సీకరణ కారకాలలో ఒకటి పుడుతుంది. అదే ప్లాటినమ్ హెక్సాఫ్లోరైడు. జడవాయువులు ఏ మూలకంతోను సంయోగం చెందవని అరవై ఏండ్లకు పైగా చెలామణి అయిన నమ్మకం దీనివల్లనే తొలగిపోయినది.

దీనిని 1957లో అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో మొదటిసారి తయారుచేసినారు. ప్లాటినమ్ తీగను ఫ్లోరిన్ వాయువులో మండించి, వచ్చిన పదార్థాన్ని వెంటనే ద్రవ నైట్రొజన్‌తో చల్లబరచినారు. ముదురు ఎరుపు స్ఫటికాలు లభించినవి. ఇవి సుమారు 61 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరిగి, 69 డిగ్రీల వద్ద మరుగుతవి. ఆవిరి కూడ ఎర్రగానే ఉంటుంది. నీరు తగిలితే తీవ్రమైన చర్య జరుగుతుంది. కనుక తేమ ఏ మాత్రమూ లేని పాత్రలలోనే దీనిని ఉంచాలి.

ఇంత తీవ్రత ఎట్లా వచ్చినది? ఈ అణువులో ఒక ప్లాటినమ్ పరమాణువు చుట్టూ ఆరు ఫ్లోరిన్ పరమాణువులు అమరి ఉంటవి. ప్లాటినమ్ ఆక్సీకరణ సంఖ్య +6. ఆవర్తన పట్టికలో ఒకే వరుసలో ఉన్న టంగ్‌స్టన్, రీనియమ్, ఆస్మియమ్, ఇరిడియమ్, ప్లాటినమ్ లోహాలన్నీ ఇటువంటి హెక్సాఫ్లోరైడులను ఇస్తవి. వరుసలో ముందుకు పోయినకొద్దీ కేంద్రకంలోని ధనావేశం 74 నుంచి 78 వరకు పెరుగుతుంది. అదనంగా చేరే ఎలక్ట్రాన్లు ఆ ఆవేశాన్ని పూర్తిగా మరుగుపరచలేవు. అందువల్ల బయటి ఎలక్ట్రాన్‌ను లాగుకొనే శక్తి క్రమంగా హెచ్చి, ప్లాటినమ్ వద్ద అత్యధికమవుతుంది.

ఈ శక్తి ఎంతటిదో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో నీల్ బార్ట్‌లెట్ కనుగొన్నాడు. ఈ ఫ్లోరైడు ఆక్సిజన్ వాయువుతో కలిసి ఒక ఘనపదార్థాన్ని ఇచ్చినది. అందులో ఆక్సిజన్ అణువు ఒక ఎలక్ట్రాన్‌ను కోల్పోయి ధన అయానుగా ఉన్నది. ఆక్సీకరణకు పేరు ఇచ్చిన ఆక్సిజనే ఆక్సీకరణకు లోనైనదన్నమాట!

బార్ట్‌లెట్ ఇక్కడ ఆగలేదు. ఆక్సిజన్ అణువునుంచి ఒక ఎలక్ట్రాన్‌ను తొలగించడానికి సుమారు 12.1 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. జీనాన్ పరమాణువుకు కూడ దాదాపు అంతే చాలును. అయితే ఈ ఒక్క లెక్కతో తృప్తిపడరాదు. అయానులు స్ఫటికంగా కూడినప్పుడు విడుదలయ్యే శక్తిని కూడ చూడాలి. పరిమాణంలో ఈ రెండు అయానులకు పెద్ద భేదం లేదు గనుక ఆ శక్తి కూడ ఇంచుమించు సమానమే. అట్లయితే ఆక్సిజన్ లొంగినచోట జీనాన్ ఎందుకు లొంగరాదు?

1962 మార్చి 23న ఆయన ఎర్రని ఆవిరిని, రంగులేని జీనాన్‌ను కలిపినాడు. గది ఉష్ణోగ్రతలోనే పసుపు నారింజ రంగుగల ఘనపదార్థం ఏర్పడినది. ఒక జడవాయువు ఇచ్చిన మొదటి నిజమైన సంయోగపదార్థమిది. దీనిలో జీనాన్ ఒంటరి అయానుగా ఉన్నదని మొదట భావించినారు. కాని ఇది అంత సరళం కాదనీ, జీనాన్‌కు ఫ్లోరిన్ అంటి ఉన్న అయానులు గల మిశ్రమమనీ తరువాతి పరిశోధనలు తెలిపినవి. సూత్రం సవరించవలసి వచ్చినా, జీనాన్ సంయోగం చెందినదన్న సత్యం నిలిచినది.

అదే సంవత్సరం ఆర్గాన్ ప్రయోగశాలవారు జీనాన్‌ను, ఫ్లోరిన్‌ను కలిపి 400 డిగ్రీలకు వేడిచేసి జీనాన్ టెట్రాఫ్లోరైడును తయారుచేసినారు. అంటే ప్లాటినమ్ సహాయం కూడ అవసరం లేకపోయినది! ఆ రెండు వాయువులూ 1898 నాటికే రసాయనజ్ఞులకు తెలుసును. 1895లో ఫ్రాన్సులో మ్వాసాఁ ఆర్గాన్ వాయువుపై ఫ్లోరిన్‌ను ప్రయోగించి విఫలుడైనాడు. 1933లో జీనాన్‌తో చేసిన ప్రయత్నమూ ఫలించలేదు. ఆపైన ఆశ సన్నగిల్లినది. అష్టకం నిండిన పరమాణువు కదలదన్న సూత్రం పాఠ్యగ్రంథాలలో స్థిరపడినది.

ఇప్పుడు ఈ మూలకాలను ఉత్కృష్ట వాయువులని వ్యవహరిస్తున్నాము. అయనీకరణ శక్తుల పట్టిక తరగతి గోడపై వేలాడుతూనే ఉంటుంది. అందులోని రెండు అంకెలను పక్కపక్కన పెట్టి ప్రశ్నించడమే ఈ ఆవిష్కరణకు మూలమని విద్యార్థులు గ్రహించాలి.