కీమో గుంటూరులో, జ్వరం రాజుపాలెంలో: కొత్త క్యాన్సర్ మందులు ఊరి డాక్టర్లకు, మెడికల్ షాపులకు ఎంతవరకు తెలుసు?

రాజుపాలెం మండలంలో ఎవరికైనా క్యాన్సర్ అని తేలితే సత్తెనపల్లి మీదుగా గుంటూరుకో, లేదంటే హైదరాబాద్‌కో వెళ్లాల్సిందే. గుంటూరు పెద్దాసుపత్రిలో నాట్కో వాళ్లు కట్టించిన క్యాన్సర్ కేంద్రం ఉంది. ఆరోగ్యశ్రీ, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స కూడా దొరుకుతుంది. అంతవరకు బాగానే ఉంది. కానీ మూడు వారాల కోర్సులో కీమో ఎక్కించేది చాలామందికి ఒక్క రోజే. మిగతా రోజులన్నీ పేషెంట్ ఇంట్లోనే ఉంటారు. జ్వరం, విరేచనాలు, నోటిపూత ఇక్కడే వస్తాయి. ముందు చూసేది ఊరి ఆర్‌ఎంపీ, ప్రభుత్వ డాక్టర్, మందుల షాపు అతను.

కీమో తర్వాత ఒకటి రెండు వారాల్లో తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు జ్వరం 100.4 డిగ్రీలు దాటిందంటే అది మామూలు జ్వరం కాదు, ఎమర్జెన్సీ. పారాసిటమాల్ ఇచ్చి "రేపు చూద్దాం" అంటే ప్రాణం మీదకు వస్తుంది. ఆలస్యం లేకుండా ఆసుపత్రిలో యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పడాలి.

ఇప్పుడు చికిత్సలో కొంత భాగం మాత్రల్లోకి వచ్చేసింది. అసలు చిక్కు ఇక్కడే. పెద్దపేగు, రొమ్ము క్యాన్సర్లకు వాడే కాపెసిటబిన్ తిన్న అరగంటలోపు ఉదయం, సాయంత్రం వేసుకోవాలి. సాధారణంగా 14 రోజులు వేసి 7 రోజులు ఆపాలి. రక్త క్యాన్సర్‌లో ఒక రకానికి ఇచ్చే ఇమాటినిబ్ అలా కాదు, దాన్ని రోజూ ఆపకుండా వాడాలి. ఈ తేడా తెలియని షాపు అతను "అయిపోయాయా, ఇంకో స్ట్రిప్ తీసుకెళ్లండి" అంటే అంతే సంగతులు. దేనికైనా అలవాటుగా ఒక గ్యాస్ మాత్ర కలిపి ఇస్తుంటారు కదా, ఎర్లోటినిబ్, డాసటినిబ్ వాడేవాళ్లకు ఒమెప్రజోల్ ఇస్తే ఆ ఖరీదైన మందు ఒంటికి సరిగా పట్టదు.

పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ లాంటి ఇమ్యునోథెరపీ మందుల కథ వేరు. ఇవి ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకు ఉసిగొల్పుతాయి. ఒక్కోసారి అదే శక్తి పేగుల మీద, ఊపిరితిత్తుల మీద పడుతుంది. మందు ఆపిన నెలల తర్వాత కూడా ఇలా జరగొచ్చు. దాన్ని తిండి పడని విరేచనాలు అనుకుంటే కష్టం. తీవ్రమైతే దానికి వైద్యం స్టెరాయిడ్లు.

మరి నేర్పేది ఎవరు? డాక్టర్లకు ఐదేళ్లకు 30 గంటల నిరంతర శిక్షణ ఉండాలని 2002 నాటి వైద్య నియమావళి చెప్పింది. ఫార్మసిస్టులకైతే 2015 నిబంధనల ప్రకారం ఐదేళ్లలో కనీసం రెండు ఒక్కరోజు కోర్సులు. అంటే ఐదేళ్లకు రెండు రోజులు! ప్రాక్టీసులో ఉన్న చార్టర్డ్ అకౌంటెంట్‌కే మూడేళ్లకు 120 గంటలు ఉన్నాయి. పైగా ఆ రెండు రోజుల్లో క్యాన్సర్ మందులు ఉండాలన్న నియమమేమీ లేదు. దారులు లేవని కాదు. టాటా మెమోరియల్ ఆధ్వర్యంలో 2012లో మొదలైన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్‌లో 300కు పైగా ఆసుపత్రులు, సంస్థలు ఉన్నాయి. కష్టమైన కేసులను ఆన్‌లైన్‌లో కలిసి చర్చిస్తారు. ఇది రాజుపాలెం దాకా రావాలి.

ధరల సంగతి కూడా షాపు వాళ్లకు తెలిసి ఉండాలి. 2012లో సొరాఫెనిబ్ నెల కోర్సు సుమారు 2.8 లక్షల రూపాయలు. ఆ ఏడాది మార్చిలో నాట్కోకు కంపల్సరీ లైసెన్స్ రావడంతో అది 8,880కి దిగింది. 2019లో కేంద్రం 42 క్యాన్సర్ మందుల మీద వ్యాపారుల మార్జిన్‌ను 30 శాతానికి పరిమితం చేసింది. కాబట్టి బిల్లు అడగండి, జెనరిక్ ఉందా అని డాక్టర్‌ను అడగండి.

రంజాన్‌లో ఒక మాట. సహరీకి, ఇఫ్తార్‌కి ఒక్కో మాత్ర అని టైము సర్దుకుంటే సరిపోతుందని కొందరు అనుకుంటారు. పగలంతా నీళ్లు లేకుండా వాంతులో విరేచనాలో పట్టుకుంటే కిడ్నీలకు దెబ్బ. జబ్బుగా ఉన్నవాళ్లు రోజాలు తర్వాత పెట్టుకునే వెసులుబాటు దీన్‌లోనే ఉంది. ముందు క్యాన్సర్ డాక్టర్‌ను అడగాలి, తర్వాతే నియ్యత్.

డిశ్చార్జి చీటీ ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. జలుబు మాత్ర కొన్నా సరే, "కీమో నడుస్తోంది" అని షాపులో ముందే చెప్పండి. కీమో మాత్రలను విరిచి, పొడి చేసి ఇవ్వొద్దు. ఇంట్లో కడుపుతో ఉన్న కోడలో కూతురో ఉంటే వాళ్ల చేత ఆ మాత్రలు ముట్టించొద్దు.