పసిగుడ్డు నెత్తురులో పొటాషియం పెరిగితే

పద్మానగర్‌లో బాలింత ఉన్న ఏ ఇంటికి పోయినా నేను ముందు అడిగేది, బిడ్డ ఎన్నిసార్లు ఉచ్చ పోసింది అని. నవ్వుతరు. పిల్లల వార్డులో నర్సుగా పనిచేసేదాన్ని, నాకు నవ్వు రాదు. మూత్రం ఆగితే నెత్తురులో పొటాషియం నిలిచిపోతుంది. అది గుండె కొట్టుకోవడానికి కావాల్సిన లవణమే, కానీ మితిమీరితే ఆ గుండెనే ఆపేస్తది.

లీటరు నెత్తురులో 6 మిల్లీఈక్వివలెంట్లు దాటితే డాక్టర్లు జాగ్రత్తపడతారు. అయితే మడమ పిండి తీసిన నెత్తురులో కణాలు చితికి, లెక్క లేనిపోని ఎక్కువ చూపించవచ్చు. అందుకే నరం నుంచి మళ్లీ తీస్తారు, ఈసీజీ కూడా చూస్తారు. “పసిదానికి ఎన్నిసార్లు గుచ్చుతరు” అని సిస్టర్‌తో కొట్లాడకండి.

నెలలు బాగా తక్కువై పుట్టినోళ్లకు ఇది మొదటి 3 రోజుల్లోనే రావచ్చు, వాళ్లు ఎలాగూ దవాఖానాలోనే ఉంటరు. నా భయమంతా ఇంటికొచ్చినోళ్ల గురించి. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు పుట్టుకతోనే సరిగా పనిచేయకపోతే ఒంట్లో ఉప్పు బయటికి పోతుంది, పొటాషియం లోపల మిగులుతుంది. ఆడపిల్లకైతే మర్మాంగం తేడాగా ఉండి పుట్టినప్పుడే అనుమానం వస్తది. మగపిల్లాడు చూడ్డానికి బాగానే ఉంటడు. రెండో మూడో వారంలో వాంతులు, పాలు తాగడు, బరువు తగ్గుతడు. మనోళ్లు దిష్టి అంటరు, కొబ్బరినీళ్లు పోస్తరు. వాటిలో ఉన్నదే బోలెడు పొటాషియం!

తల్లిదండ్రులిద్దరిలోనూ ఈ లోపం దాగి ఉంటే ప్రతి కాన్పులో 4లో 1 వంతు బిడ్డకు వచ్చే అవకాశం. మేనరికాల్లో అది ఇంకా కలిసొస్తది. ఇంట్లో ఇంతకుముందు పసిబిడ్డ కారణం తెలియకుండా పోయి ఉంటే, అత్తగారు వద్దన్నా సరే, డాక్టరుకు చెప్పండమ్మా.

దవాఖానాలో ముందు కాల్షియం ఎక్కిస్తరు. అది పొటాషియాన్ని తగ్గించదు, గుండెను కాపాడుతుంది. తర్వాత గ్లూకోజుతో ఇన్సులిన్. “మా బాబుకు షుగరా?” అని తల్లులు ఏడుస్తరు. కాదు, పొటాషియాన్ని కణాల్లోకి నెట్టడానికి. దానితో బిడ్డకు చక్కెర పడిపోవచ్చు కాబట్టి మాటిమాటికి పరీక్ష చేస్తరు. అప్పటికీ దిగకపోతే డయాలసిస్.

అడ్రినల్ లోపమైతే హైడ్రోకార్టిసోన్ మందు జీవితాంతం. బిడ్డ బొద్దుగా అయిండని ఆపొద్దు. జ్వరమొస్తే డాక్టరు చెప్పినట్టు డోసు పెంచాలి.

ఖర్చుకు భయపడి సాంచెల సేఠ్ దగ్గర అప్పు చేసేముందు ఒక మాట. 2011లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ఏడాదిలోపు జబ్బుపడ్డ బిడ్డకు సర్కారు దవాఖానాలో వైద్యం, మందులు, బండి ఉచితం. పాలు మానేసి వాంతులు చేసుకుంటుంటే, 6 గంటలుగా గుడ్డ తడవకపోతే, రాత్రి పాళీ అయినా 108కి ఫోన్ చేయండి. ఊరికి, సిరిసిల్లకో సిద్దిపేటకో, పోయేటప్పుడు గోళీలు, డాక్టరు చిట్టీ రెండూ చేతిసంచిలో పెట్టుకోండి, బస్సు డిక్కీలో కాదు.