మీకు తెలుసా? నిప్పున్న చోటల్లా పొగ ఉండదు

ఎవరి మీదైనా పుకారు లేస్తే చాలు, నిప్పు లేనిదే పొగ రాదంటాం. ఈ నిప్పూ పొగా పంచాయితీని మన తార్కికులు ఎప్పుడో తేల్చేశారు. 17వ శతాబ్దంలో ‘తర్కసంగ్రహం’ రాసిన అన్నంభట్టు తెలుగువాడే. కొండ మీద పొగ కనబడితే అక్కడ నిప్పుందనుకోవచ్చు. వంటింట్లో రోజూ చూస్తున్నదే. దాన్ని తిరగేసి, నిప్పుంది కాబట్టి పొగ కూడా ఉండాలంటే తర్కం ఒప్పుకోదు. కొలిమిలోంచి అప్పుడే తీసిన ఇనుప గుండు ఎర్రగా కణకణలాడుతుంటుంది, పొగ మాత్రం ఉండదు. పొగ రావాలంటే నిప్పుకి పచ్చికట్టె తోడవ్వాలి. ఇలా చాటున ఉండే షరతుని తర్కంలో ‘ఉపాధి’ అంటారు. (ఇప్పుడా మాట వింటే మనకు ఉద్యోగమే గుర్తొస్తుంది!) పుకారు సంగతికొస్తే సామెత తప్పేం కాదు. కనిపించింది పొగేనా, మంచా అన్నది ముందు చూసుకోవాలి, అంతే.

మన నమ్మకాన్ని తప్పని చూపించే ఇలాంటి ఇనుప గుండుని వెతకడం మనకు పుట్టుకతో రాదు. పీటర్ వాసన్ అనే మనస్తత్వవేత్త 1960లో ప్రచురించిన ప్రయోగం చూడండి. 2, 4, 6 ఒక నియమం ప్రకారం ఉన్నాయి. మీరు మూడేసి సంఖ్యలు చెప్తే, నియమానికి సరిపోయాయో లేదో ఆయన చెప్తాడు. 8, 10, 12? అవును. 20, 22, 24? అవును. ఇంకేం, రెండేసి పెరుగుతున్నాయని తేల్చేస్తాం. తప్పు! సంఖ్యలు పెరుగుతూ పోవాలన్నదే నియమం. 1, 7, 50 అన్నా సరిపోయేది. 29 మందిలో ఒక్క తప్పూ లేకుండా తొలిసారే చెప్పగలిగింది ఆరుగురు. మిగతావాళ్లకి తెలివి తక్కువై కాదు, ‘కాదు’ అనిపించుకునే ప్రశ్న వెయ్యక.

రెండో ప్రపంచ యుద్ధంలో గణాంకవేత్త అబ్రహాం వాల్డ్ చేసిందీ ఇలా కళ్లముందు లేనిదాని కోసం వెతుకులాటే. తిరిగొచ్చిన విమానాలకి తగిలిన తూటా దెబ్బల్ని బట్టి, కూలిపోయినవాటికి ఎక్కడ తగిలి ఉంటుందో లెక్కగట్టే పద్ధతి చెప్పాడు. ఉపన్యాసాలకని మన దేశం వచ్చి, 1950లో నీలగిరుల్లో విమాన ప్రమాదంలోనే పోయాడు.

ఇలా ఆలోచించడం నేర్పితే వస్తుందా? వస్తుంది. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ విద్యార్థులపై 1988లో వచ్చిన అధ్యయనంలో, వైద్యం, మనస్తత్వశాస్త్రం చదివినవాళ్లు రోజువారీ విషయాల్లోనూ గణాంకాలతో ఆలోచించడంలో మెరుగుపడ్డారు. రసాయనశాస్త్రం వాళ్లలో ఆ మార్పు లేదు.

ఈ రాత్రి భోజనాల దగ్గర ఇంట్లోవాళ్లకి 2, 4, 6 వేసి చూడండి. మీ నోట మొదటి ‘కాదు’ ఎన్నో ప్రశ్నకి వస్తుందో లెక్కపెట్టండి.