టొరంటోలో అక్షరాల ఉమ్మడి కాపురం

టొరంటోలో కొత్తగా దిగిన తెలుగువాణ్ని సబ్‌వేలో ఇట్టే పట్టేయొచ్చు. ‘యోంగే స్టేషన్ ఎప్పుడొస్తుందండీ?’ అంటాడు. బోర్డు మీద వై-ఓ-ఎన్-జి-ఇ అని ఉంటే ఎవరైనా అలాగే చదువుతారు మరి! ఊళ్లోవాళ్లు మాత్రం ‘యంగ్’ అంటారు. నగరాన్ని తూర్పు, పడమరలుగా విడగొట్టే ఆ వీధికి 1790ల్లో ఇక్కడి పాలకుడు సిమ్‌కో దొర, బ్రిటన్‌లో సైనిక వ్యవహారాలు చూసిన జార్జ్ యంగ్ పేరు పెట్టాడు. ఆయన ఇంటిపేరులోని పాతకాలపు అక్షరాలు అలాగే ఉండిపోయాయి.

ఇంకాస్త పడమరకు వెళ్తే బిషప్ జాన్ స్ట్రాన్ పేరిట ఒక వీధి ఉంది. అక్షరాలు చూసి ‘స్ట్రాచన్’ అన్నారో, మీరు ఈ ఊరివారు కాదని తేలిపోతుంది. ఎటోబికో పేరు చివర కె ఉన్నా ఎవరూ పలకరు. ఆల్డర్ చెట్లు పెరిగే చోటు అని ఇక్కడి మూలవాసులు పిలుచుకున్న పేరది. దొరలు తమ చెవికి వినిపించినట్టు రాసుకున్నారు.

అన్నిటికన్నా నాకు నచ్చింది స్పడైనా అవెన్యూ. ఎత్తైన చోటు అనే అర్థమున్న ఒజిబ్వే మాట నుంచి వచ్చింది. కాసా లోమా కోట పక్కన అదే పేరుతో మ్యూజియంగా మారిన పాత భవంతి ఉంది. దాన్ని మాత్రం ‘స్పడీనా’ అంటారు. ఒక్క అక్షరం తేడా లేదు, అయినా వీధిది ఒక పలుకు, ఇంటిది ఇంకో పలుకు. తెలుగులో రాస్తే రెండు వేరే మాటలైపోతాయి.

పేర్ల సంగతి సరే, మామూలు మాటలైనా ఒక దారిన నడుస్తాయా అంటే అదీ లేదు. 1977లో తెరిచిన ఈటన్ సెంటర్ మాల్ బోర్డు మీద ‘సెంటర్’ చివర బ్రిటిష్ పద్ధతిలో ఆర్-ఇ ఉంటుంది. 1922లో ఇదే నగరంలో పుట్టిన కెనడియన్ టైర్ దుకాణాల బోర్డు మీదేమో అమెరికా వాళ్ల ఐ. కరీంనగర్‌లోనో కడపలోనో టైర్ల షాపు మీద మనం చూసే వై ఇక్కడ కనిపించదు. బ్యాంకు చెక్కు చివర క్యూ-యు-ఇ ఉంటుంది, ‘ఆర్గనైజ్’లో మాత్రం జెడ్. బ్యాంకుల మర్యాదలు లండన్ నుంచి, కార్ల భాష అమెరికాలోని డెట్రాయిట్ నుంచి వచ్చాయని చెబుతారు. నమ్మదగ్గ మాటే. 1904లో ఫోర్డ్ కెనడా మొదలైంది డెట్రాయిట్‌కు నది అవతలి ఒడ్డునే.

దీన్ని దారిలో పెట్టాలని ప్రభుత్వం చూడకపోలేదు. 1890లో ప్రధాని జాన్ ఎ. మెక్‌డొనాల్డ్ సర్కారు అధికార పత్రాలన్నీ బ్రిటిష్ పద్ధతిలోనే ఉండాలని ఉత్తర్వు ఇచ్చింది. పత్రికలు వింటేగా! కెనడియన్ ప్రెస్ వార్తాసంస్థ 1998 దాకా ‘కలర్’లో యు రాయలేదు. కెనడియన్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు తొలి ముద్రణ వచ్చిందీ ఆ ఏడాదే.

గొడవ 2025లో మళ్లీ లేచింది. ప్రధాని మార్క్ కార్నీ ఒకప్పుడు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్ గవర్నర్. ఆ అలవాటేనేమో, ఆయన సర్కారు బడ్జెట్ పత్రంలో ‘గ్లోబలైజేషన్’ వంటి మాటల్లో జెడ్ ఉండాల్సిన చోట ఎస్ కనిపించింది. భాషావేత్తలు, ఎడిటర్ల సంఘం డిసెంబరులో ఆయనకు బహిరంగ లేఖ రాశారు: మాకు కెనడా స్పెల్లింగే కావాలి అని. సగం బ్రిటన్ నుంచి, సగం అమెరికా నుంచి తెచ్చుకున్న ఈ కలగాపులగాన్ని సొంత ఆస్తిలా కాపాడుకోవడం చూస్తే నాకు ముచ్చటేసింది.

మనవాళ్లకు ఇక్కడ సగం పాఠం ముందే వచ్చు. బళ్లో నేర్చిన ‘కలర్’, ‘సెంటర్’, ‘చెక్కు’ అలాగే ఉంచుకోవచ్చు. ‘టైర్’, ‘ప్రోగ్రామ్’ లాంటివి మార్చుకుంటే చాలు. ఆఖరి అక్షరం దగ్గర మాత్రం ఇళ్లలో పేచీ నడుస్తూనే ఉంటుంది. అమెరికా కార్టూన్లు చూసే పిల్లలు ‘జీ’ అంటారు. గుంటూరు నుంచి వచ్చిన అమ్మమ్మ ‘జెడ్’ అంటుంది. కెనడా లెక్కలో అమ్మమ్మదే రైటు.