మీ ట్రేడింగ్ యాప్ మీ అడ్వైజర్ కాదు: బ్రోకర్‌కి, ఫిడ్యూషియరీ అడ్వైజర్‌కి తేడా ఏంటి?

ఫోన్ కొనడానికి షోరూమ్‌కి వెళ్తే ఏదో ఒక కంపెనీ టీషర్ట్ వేసుకున్న అబ్బాయి ఎదురొస్తాడు. 20 వేలలో ఏది బాగుంటుంది అని అడిగితే తన కంపెనీ ఫోనే చూపిస్తాడు. అతను అబద్ధం చెప్తున్నాడని కాదు, ఆ ఫోన్ నిజంగానే బాగుండొచ్చు. కానీ అతనికి ఇన్సెంటివ్ ఎక్కడి నుంచి వస్తుందో మనకి తెలుసు. అందుకే ఇంటికొచ్చి నాలుగు రివ్యూలు చూసి అప్పుడు కొంటాం. ఇంత జాగ్రత్తగా ఉండే మనమే, ట్రేడింగ్ యాప్ నుంచి "ఈ రోజు టాప్ స్టాక్స్" అని నోటిఫికేషన్ వస్తే మాత్రం ఆ టీషర్ట్ సంగతి మర్చిపోతాం.

ఆ యాప్ ఒక స్టాక్ బ్రోకర్. మనకి సలహా ఇచ్చే వృత్తి వేరే ఉంది, దానికి లైసెన్స్ వేరు, రూల్స్ వేరు. 2024 మార్చి నాటికే దేశంలో డీమ్యాట్ అకౌంట్లు 15 కోట్లు దాటాయి. సెబీ దగ్గర రిజిస్టర్ అయిన ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్లు మాత్రం వెయ్యికి కాస్త అటూ ఇటూ. అంటే మనలో చాలామంది ఇంతవరకూ చూసింది బ్రోకర్లనే, అడ్వైజర్‌ని ఎప్పుడూ కలవలేదు.

బ్రోకర్ అసలు పని

మీరు నేరుగా ఎన్‌ఎస్‌ఈకో, బీఎస్‌ఈకో వెళ్ళి షేర్ కొనలేరు. ఆ ఎక్స్ఛేంజ్‌లో సభ్యత్వం ఉన్న బ్రోకర్ ద్వారానే ఆర్డర్ వెళ్ళాలి. మన భాషలో చెప్పాలంటే బ్రోకర్ ఒక ఏపీఐ లాంటివాడు. మీరు రిక్వెస్ట్ పంపితే ఎగ్జిక్యూట్ చేసి రెస్పాన్స్ ఇస్తాడు. ఆ రిక్వెస్ట్ మీ జీతానికి, మీ అప్పులకి, మీ చెల్లి పెళ్ళి ఖర్చుకి సరిపోతుందా అని చెక్ చేయడం అతని ఫంక్షన్‌లో లేదు. ఆర్డర్‌ని సరిగ్గా వేయాలి, కాంట్రాక్ట్ నోట్ పంపాలి, మీ డబ్బుని, షేర్లని తన సొంత వాటితో కలపకుండా ఉంచాలి. రూల్స్ ప్రధానంగా వీటి చుట్టూనే ఉంటాయి.

ఇది కూడా చిన్న బాధ్యత కాదు. మన హైదరాబాద్ కంపెనీ కార్వీ స్టాక్ బ్రోకింగ్‌నే తీసుకోండి. క్లయింట్ల షేర్లని తాకట్టు పెట్టి ఆ డబ్బుని వాడుకుందని తేలడంతో 2019 నవంబర్‌లో సెబీ దాన్ని కొత్త క్లయింట్లని తీసుకోకుండా ఆపేసింది. 2020లో ప్లెడ్జ్ పద్ధతినే మార్చేశారు. ఇప్పుడు షేర్లు తాకట్టు పెట్టేటప్పుడు మీ ఫోన్‌కి ఓటీపీ వస్తుంది కదా, దాని వెనక ఉన్న కథ ఇదే.

సరే, బ్రోకర్‌కి డబ్బు ఎలా వస్తుంది? జెరోధాలో షేర్లు కొని అట్టిపెట్టుకుంటే బ్రోకరేజ్ సున్నా. ఇంట్రాడే, ఎఫ్ అండ్ ఓలో అయితే ఒక్కో ఆర్డర్‌కి గరిష్ఠంగా 20 రూపాయలు. మిగతా డిస్కౌంట్ బ్రోకర్ల లెక్కలు కొంచెం అటూ ఇటూగా ఉన్నా మోడల్ మాత్రం ఇలాంటిదే. అంటే ఒక ఇండెక్స్ ఫండ్ కొనేసి పదేళ్ళు యాప్ తెరవని మనిషి వల్ల వాళ్ళకి దాదాపు ఏమీ రాదు. రోజుకి 40 ఆర్డర్లు వేసే మనిషి వల్ల 800 రూపాయలు వస్తాయి. అతను గెలిచినా అంతే, ఓడినా అంతే.

ఇప్పుడు యూఐ వైపు చూడండి. ట్రెండింగ్ లిస్టులు, ఒక్క స్వైప్‌తో ఆర్డర్, రోజూ వచ్చే పుష్ నోటిఫికేషన్లు. అమెరికాలో రాబిన్‌హుడ్ యాప్ అయితే ట్రేడ్ చేసినప్పుడు స్క్రీన్ మీద రంగు కాగితాలు ఎగరేసేది. విమర్శలు పెరిగాక 2021లో తీసేసింది. మన ఫీల్డ్‌లో వాళ్ళకి ఎంగేజ్‌మెంట్ మెట్రిక్ అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు. ఆ మెట్రిక్ ఇక్కడ నేరుగా రెవెన్యూ.

దీని ఖరీదు ఎంతో సెబీయే లెక్క తీసింది. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఈక్విటీ ఎఫ్ అండ్ ఓ ఆడిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. సగటున ఒక్కొక్కరికి దాదాపు 2 లక్షలు. అందరిదీ కలిపితే 1.8 లక్షల కోట్లకి పైనే. అదే మూడేళ్ళలో వాళ్ళు లావాదేవీల ఖర్చుల కింద కట్టింది దాదాపు 50 వేల కోట్లు, అందులో సగం బ్రోకరేజ్. బ్రోకర్లు మోసం చేశారని నేను అనట్లేదు. వాళ్ళు చెప్పిన పని చెప్పినట్టే చేశారు. సమస్య కూడా అదే, "వద్దు" అని చెప్పాల్సిన మనిషి ఆ గొలుసులో ఎక్కడా లేడు.

ఫిడ్యూషియరీ అంటే

పదం చూసి భయపడకండి. ఎదుటివాళ్ళ మంచిని తన లాభం కంటే ముందు పెట్టాల్సిన చట్టబద్ధమైన బాధ్యత ఉన్న మనిషి, అంతే. సెబీ 2013లో ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ల రూల్స్ తెచ్చింది. అడ్వైజర్ క్లయింట్ విషయంలో ఫిడ్యూషియరీగా ఉండాలి, తన ప్రయోజనాలకి ఎక్కడైనా మీ ప్రయోజనాలతో పొంతన కుదరకపోతే ఆ విషయం మీకు చెప్పాలి అని అందులో సూటిగా రాసుంది.

కాబట్టి అతను మీతో ముందు అగ్రిమెంట్ రాసుకోవాలి. మీ వయసు, ఆదాయం, అప్పులు, ఎంత నష్టం తట్టుకోగలరు అన్నీ కనుక్కోవాలి. ఇచ్చిన సలహా మీకు ఎందుకు సరిపోతుందో రికార్డ్ పెట్టుకోవాలి. లాభం గ్యారంటీ అని చెప్పకూడదు. ముఖ్యంగా మీకు సలహా ఇస్తూ, అదే మీకు ప్రొడక్ట్ అమ్మి కమిషన్ తీసుకోకూడదు. 2020లో దీన్ని కుటుంబం మొత్తానికి వర్తించేలా బిగించారు. అంటే మీకు సలహా చెప్పి, మీ ఇంట్లో వాళ్ళకి ఫండ్ అమ్మి కమిషన్ కొట్టే దారి మూసుకుపోయింది. అతనికి డబ్బు వచ్చేది మీ ఫీజు నుంచే.

బ్రోకర్లు సలహా అసలు ఇవ్వరా అంటే ఇస్తారు. తమ ప్రధాన పనికి అనుబంధంగా ఇచ్చే సలహాకి విడిగా అడ్వైజర్ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు అని రూల్స్‌లో మినహాయింపు ఉంది. అలా ఇచ్చేటప్పుడు కొన్ని సాధారణ బాధ్యతలు పాటించాలన్న షరతూ ఉంది. కానీ మీ పూర్తి ఆర్థిక పరిస్థితి తెలుసుకుని మాట్లాడే మనిషికీ, "ఈ షేర్ కొనొచ్చు" అని అందరికీ ఒకే మెసేజ్ పంపే యాప్‌కీ చాలా దూరం ఉంది.

మధ్యలో ఇంకొకరు ఉన్నారు

నా మొదటి జీతం పడిన నెలలోనే ఒక బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది, "మీ వెల్త్ మేనేజర్‌ని సార్" అని. అప్పటికి నా దగ్గర ఉన్న వెల్త్ అంటే ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్. ఆయన చూపించిన ఫండ్లన్నీ రెగ్యులర్ ప్లాన్లే. ఇలాంటివాళ్ళు డిస్ట్రిబ్యూటర్లు, ఫండ్ కంపెనీ నుంచి ఏటా కమిషన్ వస్తుంది. అదే ఫండ్ కమిషన్ లేకుండా డైరెక్ట్ ప్లాన్‌గా 2013 జనవరి నుంచి దొరుకుతోంది.

తేడా ఎంత ఉంటుందో ఒక లెక్క వేద్దాం. నెలకి 10 వేలు, 20 ఏళ్ళు. ఏడాదికి 12 శాతం వస్తే దాదాపు 99 లక్షలు అవుతుంది. కమిషన్‌గా ఒక శాతం పోయి 11 శాతమే మిగిలితే దాదాపు 86.5 లక్షలు. ఫోన్లో 12 లక్షల బిల్లు ఎవరూ చూపించరు, అందుకే నొప్పి తెలియదు.

అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మనవాళ్ళకి ఒక మాట. అక్కడ అడ్వైజర్ల చట్టం 1940 నాటిది, ఫిడ్యూషియరీ బాధ్యత దాని నుంచే వచ్చింది. బ్రోకర్లకి 2020 నుంచి రెగ్యులేషన్ బెస్ట్ ఇంట్రెస్ట్ అనే వేరే ప్రమాణం ఉంది. పేరు దగ్గరగా ఉన్నా రెండూ ఒకటి కాదు. పైగా అక్కడ ఒకే మనిషి రెండు టోపీలూ పెట్టుకోవచ్చు. కాబట్టి "నా అకౌంట్ విషయంలో ఎప్పుడూ ఫిడ్యూషియరీగానే ఉంటారా?" అని రాతపూర్వకంగా అడగండి.

ఎవరు ఎవరో ఎలా కనుక్కోవాలి?

రిజిస్ట్రేషన్ నంబర్ చూడండి. ఐఎన్‌జెడ్‌తో మొదలైతే బ్రోకర్. ఐఎన్‌ఏ అయితే ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్. ఐఎన్‌హెచ్ అయితే రీసెర్చ్ అనలిస్ట్, అంటే షేర్ల మీద రిపోర్టులు రాస్తాడు కానీ మీ జీవితం గురించి అడగడు. ఏఆర్‌ఎన్ ఉంటే మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్. టెలిగ్రామ్‌లో "సెబీ రిజిస్టర్డ్" అని సర్టిఫికెట్ ఫొటో పెడితే నమ్మకండి, దాన్ని ఎడిట్ చేయడం ఐదు నిమిషాల పని. ఆ నంబర్‌ని సెబీ వెబ్‌సైట్‌లో మీరే వెతకండి. పేరు, ఫోన్ నంబర్, ఈమెయిల్ కలవాలి. పెట్టుబడి డబ్బుని తన అకౌంట్‌లో వేయమని అడిగితే అక్కడితో ఆపేయండి, అడ్వైజర్‌కి కట్టేది ఫీజు మాత్రమే.

మరి అందరికీ అడ్వైజర్ కావాలా? నా లెక్కలో అక్కర్లేదు. నెలకి ఐదు వేలు ఎస్ఐపీ చేసే ఫ్రెషర్ అడ్వైజర్‌కి ఏటా పాతిక వేలు కడితే ఆ ఫీజే పెట్టుబడిలో 40 శాతం అయిపోతుంది. ఒక టర్మ్ ఇన్సూరెన్స్, హెల్త్ ఇన్సూరెన్స్, ఆరు నెలల ఖర్చులకి డబ్బు, ఒక ఇండెక్స్ ఫండ్ డైరెక్ట్ ప్లాన్. ఇంతవరకు ఎవరి సలహా లేకుండా చేసుకోవచ్చు. కంపెనీ ఇచ్చిన షేర్లు చేతికొచ్చినప్పుడు, ఇల్లు కొనాలనుకున్నప్పుడు, నాన్నగారి రిటైర్మెంట్ డబ్బు ఎక్కడ పెట్టాలో తేలనప్పుడు మాత్రం ఫీజు తీసుకునే మనిషి దగ్గరికి వెళ్ళడం చవక. ఫిడ్యూషియరీ అయినంత మాత్రాన అతను తెలివైనవాడని గ్యారంటీ లేదు, అతని సలహా తప్పు కావచ్చు కూడా. కాబట్టి ఇద్దరు ముగ్గురితో మాట్లాడి, నా లాంటి జీతం ఉన్న క్లయింట్లకి ఏం చెప్పారో, ఫీజు ఎంతో, ఫీజు తప్ప ఇంకెక్కడి నుంచైనా డబ్బు వస్తుందో అడిగి చూడండి. చివరి ప్రశ్నకి ఒక్క ముక్కలో "రాదు" అనకుండా ఉపన్యాసం మొదలుపెడితే, ఇంకొకరిని వెతుక్కోండి.